పాత కాంప్లెక్స్‌కు కొత్త అద్దెదారు
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. సివిల్ ఇంజనీరుగా ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. మన సొసైటీ భవనం మరమ్మతు పని నాకు అప్పగించారు. అల్హమ్దులిల్లాహ్, అది పూర్తయింది. దాని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నిజానికి ఆయన అడగకపోయినా నేను చెప్పాల్సిందే. పోయినేడు ఇదే సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "ఎంతమంది పిల్లల ఫీజులు సిమెంటులో కలిపేశారు?" అని అడిగారు. ఆయన ఇవాళ కూడా ముందు వరుసలోనే కూర్చున్నారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. రెండేళ్లపాటు మన ఉపకార వేతనాల జాబితా కుదించుకున్నాం. ఆ జాబితాలో పేరు రాని పిల్లల తల్లిదండ్రులు ఈ హాల్లోనే ఉన్నారు. రూపాయల లెక్క ఆడిట్ రిపోర్టులో ఉంది, దాన్ని మళ్లీ చదవను. ఆ రూపాయలు అక్కడే ఎందుకు పెట్టాల్సి వచ్చిందో చెబుతాను.

కొత్త సభ్యుల కోసం రెండు ముక్కలు. మన కాంప్లెక్స్ ఎనభైల్లో కట్టినది. కింద రోడ్డు వైపు షట్టర్ల కొట్లు, పైన ఒకే అంతస్తు. ఆ పై అంతస్తులో దాదాపు ముప్పై ఏళ్లు ఒక ప్రభుత్వ కార్యాలయం నడిచింది. అద్దె తక్కువే కానీ ఆగకుండా వచ్చేది. మన పిల్లల ఫీజులు, వితంతువుల నెలసరి సాయం చాలావరకు ఆ అద్దె మీదే నడిచాయి. వాళ్లు సొంత భవనానికి వెళ్లిపోయారు. మనం 'అద్దెకు ఇవ్వబడును' అని బోర్డు కట్టాం. కోచింగ్ సెంటర్ వాళ్లు వచ్చారు, ఫైనాన్స్ కంపెనీ వాళ్లు వచ్చారు. మెట్లెక్కడం, పైకప్పు చూడటం, ఫోన్ చేస్తామని వెళ్లిపోవడం. ఏడాదికి పైగా ఇదే వరస.

పాతబడటం వేరు, కాలం చెల్లడం వేరు. హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్ 1935 నాటిది. రాతి కట్టడం. దాన్ని బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. పండ్ల కొట్లు, ఐస్‌క్రీమ్ కొట్లు ఇవాళ్టికీ దానికి సరిపోతాయి. మన భవనం వయసు దాంట్లో సగమే. కానీ దాన్ని ఫ్యాన్లు, ట్యూబులైట్లు, బీరువాలు ఉండే గుమాస్తాల ఆఫీసు కోసం కట్టారు. లిఫ్టు లేదు. మెట్లు ఒకే చోట. అంతస్తు మొత్తానికి రెండు మరుగుదొడ్లు. కరెంటు మీటరు చూస్తే ఇప్పటి ఒక ఇంటికి కూడా చాలదు. ఇదంతా బయటికి కనిపించే లోపం. కనిపించనిది స్లాబులో ఉంది.

పైకప్పు పెచ్చులూడుతోందని అందరికీ తెలుసు. ఊడినప్పుడల్లా మేస్త్రిని పిలిచి సిమెంటు పూయించాం, పైన సున్నం కొట్టించాం. అది గాయం కడగకుండా కట్టు కట్టడం లాంటిది. కాంక్రీటులో ఇనుప చువ్వ తుప్పు పట్టకుండా ఉండటానికి కారణం కాంక్రీటుకు ఉన్న క్షారగుణం. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు మెల్లగా లోపలికి ఇంకి ఆ గుణాన్ని తినేస్తుంది. అది చువ్వ దాకా చేరి, తేమ కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు, ఇనుము కంటే రెట్టింపుకు మించిన చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింద కాంక్రీటు పగిలి పెచ్చుగా రాలుతుంది. కాబట్టి రాలిన పెచ్చు జబ్బు కాదు, జబ్బు లక్షణం.

దీన్ని చూడటానికి ఒక తేలిక పరీక్ష ఉంది. కొంచెం కాంక్రీటు పగలగొట్టి, ఆ తాజా ముక్క మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. క్షారం మిగిలిన చోట గులాబీ రంగు వస్తుంది. పోయిన చోట ఏ రంగూ రాదు. కార్యవర్గ సభ్యులను నిలబెట్టి వాళ్ల కళ్ల ముందే చల్లించాను. గోడల పక్కన, గదుల మధ్యలో చాలాచోట్ల గులాబీ రంగు వచ్చింది. మరుగుదొడ్ల కింద, డాబా మీద నీళ్లు నిలిచే మూల కింద రంగు రాలేదు. సుత్తి పరీక్ష, శబ్ద తరంగాల పరీక్ష కూడా చేయించాం. అవీ అదే చెప్పాయి. అంటే భవనం మొత్తం పోలేదు. నీళ్లు కారిన చోటల్లా పోయింది. కూల్చేయండి అన్నవాళ్లకూ, రంగు వేస్తే చాలు అన్నవాళ్లకూ అక్కడే జవాబు దొరికింది.

నీళ్లు ఎక్కడి నుంచి? డాబా నుంచి. ఉరిసినప్పుడల్లా ఒక పూత వేయించాం, దాని మీద ఇంకో పూత. తవ్వితే పొరలు పొరలుగా వచ్చింది. అంగుళం మందం సిమెంటు పూత చదరపు మీటరుకు 50 కేజీల పైన బరువు తూగుతుంది. ఉరుపు ఆపుదామని వేసిన పూతలే స్లాబుకు బరువయ్యాయి. అన్నీ తీసేసి అసలు స్లాబు దాకా వెళ్లి, నూటికి ఒకటి చొప్పున వాలు పెట్టి, తూములు పెద్దవి చేసి, కొత్తగా వాటర్ ప్రూఫింగ్ చేశాం. డాబా మధ్యలో ఉన్న నీళ్ల ట్యాంకును పిల్లర్ల మీదికి జరిపాం. వెయ్యి లీటర్ల ట్యాంకంటే నిండితే టన్ను బరువు. దాన్ని స్లాబు నడుమ పెట్టేవాళ్లు మన ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఇంటికెళ్లి ఒకసారి మీ డాబా చూసుకోండి.

ఆ తర్వాత పెచ్చులూడిన చోట్ల కింద దన్నులు పెట్టి, చువ్వ వెనక వేలు పట్టేదాకా పాత కాంక్రీటు చెక్కించాం. తుప్పు గీకి, సన్నబడిన చువ్వల పక్కన కొత్త చువ్వలు కట్టి, జింకు పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చి, నీళ్లు పట్టించాం. ఈ పని నెమ్మదిగా సాగుతుంది. చూసేవాళ్లకు ఏమీ జరగనట్టే ఉంటుంది. "నెల రోజులైంది, ఇంకా పగలగొడుతూనే ఉన్నారు" అని కింద టీ కొట్టులో మాట్లాడుకునేవాళ్లు. నిజమే, మరమ్మతు పనిలో ఎక్కువ కాలం పగలగొట్టడానికే పోతుంది.

ఒక గదిలో స్లాబు కొద్దిగా కిందికి వంగి ఉంది. అది పాత కార్యాలయం వాళ్ల రికార్డు గది. నేల నుంచి పైకప్పు దాకా ఫైళ్లు. కాగితం తేలికని అందరూ అనుకుంటాం. కానీ ఆఫీసు గదికి కోడ్ ప్రకారం చదరపు మీటరుకు 250 కేజీల భారం లెక్కవేస్తే, మనిషెత్తు ర్యాకుల్లో కుక్కిన కాగితాలు దాన్ని సునాయాసంగా దాటిపోతాయి. వాళ్ల తప్పని అనను. అక్కడ ఎంత బరువు పెట్టవచ్చో రాసి ఇచ్చినవాళ్లు ఎవరూ లేరు. ఇప్పుడు ప్రతి గది డ్రాయింగు మీద ఆ అంకె రాసి, మెట్ల దగ్గర ఫ్రేము కట్టించి పెట్టాం.

ఇక అసలు చర్చ దేని మీద జరిగిందో చెబుతాను. భవనం ఖాళీగా ఉన్న రోజుల్లో ఒక షోరూమ్ వ్యాపారి వచ్చారు. మర్యాదస్తుడు. "మీరు రూపాయి పెట్టనక్కర్లేదు, అంతా నేనే చేసుకుంటాను. ఇరవై ఏళ్లు నాకు రాసివ్వండి, అద్దె ఇంత" అన్నారు. అద్దె తక్కువే, కానీ వెంటనే మొదలవుతుంది. పిల్లల ఫీజులు ఆగవు. కార్యవర్గంలో సగం మంది సరే అన్నారు. వాళ్లు అన్నదాంట్లో అర్థం ఉంది. నేను ఒక్కటే అడిగాను, ఆయన ప్లానులో ఏ గోడలు తీస్తున్నారని. కింద అంతస్తులో కొట్ల మధ్య గోడలన్నీ తీసి, ముందు వైపు పూర్తిగా అద్దాలు పెడతారు.

మన భవనం పిల్లర్ల మీద నిలిచింది, గోడల మీద కాదు. కాబట్టి గోడ తీసిన మర్నాడు ఏమీ జరగదు. కానీ భూమి కదిలినప్పుడు, కింద గోడలు లేక పైన గోడలు ఉన్న భవనం మోకాళ్ల దగ్గర విరిగినట్టు విరుగుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు, ఎంతో దూరంలో ఉన్న అహ్మదాబాదులో కూలిన అపార్టుమెంట్లలో ఎక్కువ భాగం కింద పార్కింగ్ కోసం ఖాళీగా వదిలినవే. మన గుంటూరు, విజయవాడ ప్రాంతాన్ని 2016 నాటి భూకంప కోడ్ మూడో జోన్‌లో పెట్టింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇరవై ఏళ్లు అద్దె తీసుకుని, ఇరవై ఒకటో ఏట మన చేతికి ఏం తిరిగి వస్తుందన్నదే నా ప్రశ్న. వాయిదా మీద వాయిదా పడి, చివరికి ఆ ప్రతిపాదన వద్దనుకున్నాం. పిల్లల జాబితా కుదించుకున్నది అప్పుడే.

పెద్దాయన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్ భూమి విషయంలో మనందరికీ తెలిసిన మార్గం ఏమిటి? ఆస్తి అసలు అలాగే నిలవాలి, దాని ఫలసాయం పేదలకు వెళ్లాలి. హైదరాబాదు పాతబస్తీలో మదీనా బిల్డింగ్ ఉంది. దాని కొట్ల అద్దె మదీనా నగరంలోని పేదలకు చేరాలని వక్ఫ్ చేశారు. ఇలాంటి ఆస్తుల గురించి హనఫీ ఫిఖ్హ్‌లో ఒక నియమం ఉంది. ఆదాయంలో మొదటి ఖర్చు ఆ ఆస్తి మరమ్మతుకే. దాత అలా షరతు పెట్టినా పెట్టకపోయినా అంతే. ఈ మాట మన ఆలిమ్ సాహెబ్‌ను అడిగి నిర్ధారించుకున్నాకే కార్యవర్గం ముందుకు తెచ్చాం. మన భవనం వక్ఫ్‌గా నమోదైనది కాదు, సొసైటీ పేరున ఉన్న ఆస్తి. వక్ఫ్‌గా నమోదై ఉంటే లీజుకు వేరే చట్టం, వేరే అనుమతులు. కానీ ఈ నియమంలోని ఇంగితం మనకూ వర్తిస్తుందని అందరూ ఒప్పుకున్నారు.

ఇంకో సంగతి స్పష్టంగా చెప్పాలి. ఈ పనిలో జకాత్ సొమ్ము ఒక్క పైసా లేదు. జకాత్ హక్కుదారు చేతికి చేరాలే తప్ప గోడకు, స్లాబుకు పెట్టడానికి లేదు. అందుకే రంజాన్‌లో వచ్చిన జకాత్ ఎప్పటిలాగే వేరే ఖాతాలో ఉండి, ఎవరికి చేరాలో వాళ్లకు చేరింది. ఆగినది అద్దె నుంచి ఇచ్చే ఉపకార వేతనాలు మాత్రమే. బ్యాంకు అప్పుకు వెళ్లలేదు. కొంత కింది కొట్ల అద్దె నుంచి, కొంత సభ్యుల ప్రత్యేక విరాళాల నుంచి, కొంత కొత్త అద్దెదారు ముందుగా ఇచ్చిన అద్దె నుంచి తెచ్చాం. ముందుగా ఇచ్చిన అద్దె వేరు, డిపాజిట్ వేరు. మొదటిది నెలనెలా తరుగుతుంది, రెండోది వెళ్లేటప్పుడు తిరిగి ఇవ్వాల్సిన అమానతు. డిపాజిట్‌ను ఖర్చు పెట్టేసుకుని, అద్దెదారు ఖాళీ చేసేనాడు చేతులెత్తేసే సంస్థలను నేను చూశాను. మన డిపాజిట్ మొత్తం బ్యాంకులో కదలకుండా ఉంది.

కొత్త అద్దెదారు ఒక డయాగ్నొస్టిక్ సెంటర్. కింద చివరి మూడు కొట్లు, పై అంతస్తు మొత్తం వాళ్లవి. ఆ మూడు కొట్లలో ఉన్నవాళ్లు ఇన్నేళ్ల మనవాళ్లే. ఇద్దరికి ఇదే వరుసలో ఖాళీ అయిన కొట్లు ఇచ్చాం, మూడో ఆయన వయసు మీదపడి వ్యాపారం మానుకున్నారు.

ఎక్స్‌రే గది దగ్గర ఒక చిత్రం జరిగింది. మన కొట్ల మధ్య గోడలు తొమ్మిది అంగుళాలవి. "నాలుగున్నర అంగుళాలు కట్టి ఉంటే ఎంత చోటు కలిసొచ్చేదో" అని ఎన్నేళ్లుగానో విసుక్కున్నాం. ఎక్స్‌రే గదికి అణుశక్తి నియంత్రణ మండలి నియమాల ప్రకారం కనీసం తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, లేదా దానికి సమానమైన సీసపు రేకు కావాలి. షోరూమ్ కోసం కూల్చేయాల్సిన గోడలే ఇక్కడ పనికొచ్చాయి. తలుపుకు సీసపు రేకు అద్దెదారు వేసుకున్నారు. కొట్ల మధ్య దారి కోసం గోడలు తీయలేదు, తలుపంత ఖాళీ చేసి పైన లింటల్ వేశాం. యంత్రం కింద అంతస్తులోనే పెట్టాలని మేమే అన్నాం. బరువు నేల మీద పడుతుంది, కింద ఎవరూ కూర్చోరు.

ఎవరి ఖర్చు ఎవరిది అన్నది పని మొదలయ్యే ముందే కాగితం మీద పెట్టాం. స్లాబు, పిల్లర్లు, డాబా, మురుగు పైపులు, మెయిన్ ప్యానెల్ దాకా కరెంటు, లిఫ్టు, ర్యాంపు మనవి. లోపలి గదుల పార్టిషన్లు, ఫాల్స్ సీలింగ్, ఏసీలు, యంత్రాలు, వాటి వైరింగు వాళ్లవి. నా గీత సులువు. అద్దెదారు వెళ్లిపోయినా భవనంతో ఉండిపోయేది యజమాని చేయాలి. వెళ్లేటప్పుడు తీసుకుపోగలిగేది అద్దెదారు చేసుకోవాలి. గొడవ వచ్చింది ఒక్క ఫాల్స్ సీలింగ్ దగ్గరే. స్లాబును మూసేస్తే రేపు ఉరుపు కనిపించదు. చివరికి ప్రతి గదిలో తెరిచి చూడగలిగే పలకలు పెట్టేలా ఒప్పుకున్నారు.

వైరింగు గురించి. పాతదాంట్లో అల్యూమినియం తీగలు, కిట్‌కాట్ ఫ్యూజులు. ఫ్యూజు పోయినప్పుడల్లా దొరికిన తీగ చుట్టేవాళ్లు. కొన్నిచోట్ల చూస్తే ఫ్యూజు తీగ వైరు కంటే లావు. అలాంటప్పుడు కాలేది ఫ్యూజు కాదు, వైరు. మొత్తం పీకించి రాగి తీగలు, కొత్త ఎర్తింగు, లీకైన వెంటనే కరెంటు ఆపే బ్రేకర్లు పెట్టించాం.

వెనక వైపు ఇనుప మెట్లు కొత్తగా వేశాం. ఇది అనవసరపు ఖర్చని చాలామంది అన్నారు. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు వచ్చినప్పుడు 6గురు యువతీయువకులు చనిపోయారు. మన పిల్లల వయసువాళ్లే, జిల్లాల నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లు. వాళ్లను చంపింది పొగ. పై అంతస్తులో ఉన్నవాళ్లకు ఒక దారి పొగతో మూసుకుపోతే రెండో దారి ఉండాలి. ఆ దారికి తాళం ఉండకూడదు, తలుపు బయటికి తెరుచుకోవాలి. దొంగల భయం అంటారా, లోపలి నుంచి తోస్తే తెరుచుకుని, బయటి నుంచి తెరవలేని గడియలు దొరుకుతాయి. అవే పెట్టాం. మెట్ల కింద అట్టపెట్టెలు పేర్చడం మొదలైతే మాత్రం నాకు ఫోన్ చేయండి.

ర్యాంపుకు చోటు దొరకడం కష్టమైంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. మన అరుగు రెండడుగులు, అంటే ఇరవై నాలుగు అడుగులు. నేరుగా పట్టక మధ్యలో మలుపు తిప్పాం. లిఫ్టును పాత భవనానికి ఆనించకుండా, సొంత పునాదితో పక్కన నిలబెట్టాం. నేల నల్లరేగడి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. కొట్ల గచ్చు బీటలకు కారణం అదే, దాన్ని పెంచింది వెనక కారుతున్న కుళాయి పైపు. పైపు మార్చి, చుట్టూ సిమెంటు చప్టా వేసి, వాననీళ్లు గోడ దగ్గర నిలవకుండా చేశాం. ఆ బీటలు ఆగాయి.

లీజు కాగితం పదకొండు నెలలది కాదు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, చేయించాం. దానికి గది గదికీ తీసిన ఫోటోలు, డ్రాయింగులు జతచేశాం. అద్దెదారు భవనాన్ని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలని చట్టం చెబుతుంది. కానీ తీసుకున్న స్థితి ఏమిటో ఎవరి దగ్గరా రుజువు లేకపోతే ఆ చట్టం దేనికి? ఇక జీఎస్టీ. వాణిజ్య అద్దె మీద 18 శాతం. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి, డయాగ్నొస్టిక్ సెంటర్ తాను కట్టిన ఆ పన్నును తిరిగి రాబట్టుకోలేదు. వాళ్లకది నిజమైన ఖర్చు. అందుకే అద్దె బేరంలో అంత గట్టిగా కూర్చున్నారు. పన్ను అద్దెకు అదనమని ఒప్పందంలో విడిగా రాసుకున్నాం.

అద్దె మొదలైంది. పాత కార్యాలయం ఇచ్చినదానికన్నా బాగా ఎక్కువ. జాబితాలో ఆగిపోయిన పిల్లల పేర్లు ఈ జూన్ నుంచి మళ్లీ చేర్చారు. మధ్యలో చదువు మానేసిన ఇద్దరు అబ్బాయిల ఇళ్లకు కార్యదర్శి గారు, నేను వెళ్లాం. ఒకడు వస్తానన్నాడు. రెండోవాడు మెకానిక్ షెడ్డులో కుదురుకున్నాడు, తండ్రి వద్దన్నారు. వచ్చే నెల మళ్లీ వెళ్తాం, ఇన్షా అల్లాహ్.

ఇంకా మిగిలిన పనులు రెండు. వెనక మురుగు కాలువ మునిసిపాలిటీ కాలువకు కలపాలి. రెండోది మీ చేతిలో ఉంది. వచ్చే అద్దెలో ప్రతి నెలా పదో వంతు మరమ్మతు నిధి పేరుతో వేరే ఖాతాలో వేయాలన్న తీర్మానం ఇవాళ్టి ఎజెండాలో ఐదో అంశం. పదో వంతు ఎక్కువనేవాళ్లు ఉన్నారు, అది చర్చించండి. జొహర్ నమాజు తర్వాత గంటసేపు భవనం దగ్గరే ఉంటాను. చూడాలనుకున్నవాళ్లు రండి, డాబా దాకా తీసుకెళ్తాను. లిఫ్టు పనిచేస్తోంది.